కంప్యూటరుకు కమ్లి పెట్టిన కాపలా

ఇల్లందు బొగ్గుగని క్వార్టర్లలో కమ్లిని ఎరగనివాళ్లు తక్కువ. పెళ్లి జాకెట్టు మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కావాలని ఎవరైనా అడిగితే ముందు ఆమె ఇల్లే చూపిస్తారు. భర్త ధన్‌సింగ్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. కూతురు దుర్గ ఖమ్మంలో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. కమ్లి పుట్టింది ఏన్కూరు దగ్గర, అడవిని ఆనుకుని ఉన్న ఒక తండాలో. చదివింది పదో తరగతి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం ఆమెకు చేతకాదు.

ఆ ఇంటికి కంప్యూటర్ వచ్చింది ఆమె కోసం కాదు. కరోనా రోజుల్లో కాలేజీ మూతపడితే, దుర్గ డిగ్రీ క్లాసుల కోసం కొన్నారు. చదువు ముగిసి పిల్ల ఖమ్మం వెళ్లిపోయాక అది ముందుగదిలో ఒక మూల పాత చీర కప్పుకుని ఉండిపోయింది. ఎవరికైనా అమ్మేద్దామని ధన్‌సింగ్ అన్నాడు. అదేమన్నా తింటుందా, తాగుతుందా, ఉండనీ అంది కమ్లి. అప్పటికే ఆమె మనసులో ఒక ఆలోచన తిరుగుతోంది. చాలా ఏళ్లుగా కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతున్న మనిషి, ఖమ్మం వెళ్లి ఎంబ్రాయిడరీ మిషన్ పని నేర్చుకుని వచ్చింది. ఆ తర్వాత మిషన్ కూడా ఇంటికి వచ్చింది.

ఆ మిషన్‌కు తనంతట తానుగా ఏ పువ్వూ కుట్టడం రాదు. ఏ గీత ఎక్కడ మొదలవ్వాలో, సూది ఎటు తిరగాలో, దారం ఎక్కడ మారాలో అంతా ముందుగా కంప్యూటర్లో గీసి, పెన్‌డ్రైవ్‌లో వేసి అందివ్వాలి. ఆ గీసే పనిని పంచింగ్ అంటారు. చాలామంది అంత శ్రమ పడరు. నెమళ్లు, తీగలు, మామిడి పిందెలు రెడీమేడ్‌గా దొరుకుతాయి, అవి కొనుక్కుని కుట్టేస్తారు. మొదట్లో కమ్లి కూడా అదే చేసింది.

ఒకసారి తండాలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు పెద్దమ్మ దేవ్లి పెట్టె తెరిచింది. అందులో ఆమె వయసులో ఉన్నప్పుడు చేత్తో కుట్టుకున్న ఫేటియా ఉంది. లంబాడీ ఆడవాళ్లు కట్టుకునే పెద్ద కుచ్చిళ్ల పావడా అది. దాని అంచు పొడవునా అద్దాలు, గవ్వలు, వాటి చుట్టూ మెలికలు తిరిగే కుట్లు. తండాలో ఇప్పుడు పిల్లలంతా చీరలకీ చుడీదార్లకీ అలవాటు పడ్డారు. ఆ కుట్టు తెలిసినవాళ్లు ముసలివాళ్లే మిగిలారు. కమ్లి ఆ అంచును ఒళ్లో పరుచుకుని చాలాసేపు చూసింది. ఇవి నా కంప్యూటర్లో గీస్తే ఎట్లా ఉంటుంది అనుకుంది.

అనుకున్నదే తడవుగా మొదలుపెట్టింది. వీలు చిక్కినప్పుడల్లా తండాకు బస్సెక్కడం, దేవ్లి పక్కన కూర్చుని ఒక్కో కుట్టు పేరు అడగడం, ఫోన్లో ఫొటో తీసుకోవడం, ఇంటికొచ్చి కంప్యూటర్లో గీయడం. రెండేళ్లకు పైగా సాగింది ఆ పని. దేవ్లికి చూపు మసకబారింది కానీ వేళ్లకు అన్నీ తెలుసు. గుడ్డ మీద వేలు ఆనించి ఇది ఫలానా కుట్టు అని చెప్పేస్తుంది. కమ్లి గీసిన అంచులు పట్టుజాకెట్ల మీదికి ఎక్కేసరికి, లంబాడీ ఇళ్లవాళ్లే కాదు, కాలనీలో అందరూ ఆ డిజైనే కావాలని అడగడం మొదలుపెట్టారు.

పంచింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి ఇచ్చింది బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడిపే అనిల్‌కుమార్. అది డబ్బు పెట్టి కొన్నది కాదు, తాళం పగలగొట్టిన క్రాక్ కాపీ. యాంటీవైరస్ ఆన్‌లో ఉంటే దాన్ని నడవనివ్వదు కాబట్టి బంద్ పెట్టాలని చెప్పి, తనే బంద్ పెట్టి వెళ్లాడు. ఆ పనిలో ఉన్నవాళ్లంతా అట్లాగే నడుపుకుంటున్నారు. కమ్లికి అందులో తప్పేమీ కనిపించలేదు. పైగా ఆమె జాగ్రత్త ఆమె తీసుకుంది. డిజైన్లన్నిటికీ ఇంకో కాపీ ఉండాలని ఒక చిన్న డిస్కు కొని కంప్యూటర్ వెనక తగిలించింది. అది రాత్రీ పగలూ అక్కడే వేలాడుతూ ఉండేది.

మాఘమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి. తిరుమలాయపాలెం నుంచి కళావతి అనే ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. కూతురి పెళ్లి జాకెట్టుకు చేతుల మీదా వీపు మీదా దేవ్లి అంచే కావాలంది. కమ్లి సరేనని గుడ్డ తీసుకుంది. ఆ వారంలోనే, ఎంబ్రాయిడరీ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింకు పెట్టారు. పంచింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్, ఉచితం అని. పాతది మాటిమాటికీ ఆగిపోయి ఆమెను విసిగిస్తోంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చుని ఆ లింకు నొక్కింది. అది ఏదో అడిగింది, ఎస్ అంది. ఇంకేదో అడిగింది, దానికీ ఎస్ అంది.

కాసేపటికి తెర మీది బొమ్మలు ఒకటొకటిగా తెల్లబడసాగాయి. ప్రతి డిజైన్ పేరు వెనకా అర్థంకాని అక్షరాల తోక ఒకటి వచ్చి చేరింది. ఏమవుతోందో తెలిసేలోపు ఇంగ్లీషులో ఒక నోటీసు తెరంతా పరుచుకుంది. కమ్లి కూడబలుక్కుని చదివింది. నీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, చెవి కావాలంటే డబ్బు పంపు అని దాని సారాంశం. ఆమె గబుక్కున స్విచ్చి ఆపేసింది. మళ్లీ వేసి చూస్తే అదే నోటీసు. వెనక వేలాడుతున్న డిస్కు గుర్తొచ్చి దాన్ని తెరిచింది. అందులోని కాపీలకూ అవే తోకలు. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న దాన్ని వైరస్ వేరుగా చూడలేదు, దాన్నీ ఇంట్లో గదే అనుకుని లోపలికి పోయింది.

పక్కన ఎంబ్రాయిడరీ మిషన్ మాత్రం పొద్దున ఇచ్చిన తీగను కుట్టుకుంటూనే ఉంది. దారం మార్చమని అది కూత పెడితే కమ్లి అలవాటుగా లేచి వెళ్లి దారం మార్చి, వచ్చి మళ్లీ తెర ముందు కూర్చుంది. రెండేళ్ల తిరుగుడు, పెద్దమ్మ చెప్పిన ప్రతి కుట్టూ ఆ తెల్లటి బొమ్మల వెనక ఉండిపోయాయి. ఫొటోలు కూడా ఫోన్లో నిండిపోతున్నాయని కంప్యూటర్లోకి మార్చి, ఫోన్లోవి ఎప్పుడో చెరిపేసింది. వచ్చే ఏడుపును ఆపుకుని అనిల్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

అతను షాపు మూసి మరీ వచ్చాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి చేతులెత్తేశాడు.

“అక్కా, ఇది నాతోని అయ్యేది గాదు. యాంటీవైరస్ బంద్ పెట్టింది నేనే. తప్పు నాది గూడ ఉంది.”

“నొక్కింది నేను,” అంది కమ్లి. “తప్పు తర్వాత పంచుకుందాం. గిప్పుడు ఏం జెయ్యాలె, అది చెప్పు.”

అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం ఒకటే దారి అన్నాడతను. ఈలోగా ధన్‌సింగ్ డ్యూటీ దిగి వచ్చాడు. విషయం విని, భార్య ముఖం చూసి, వాళ్లడిగింది ఎట్లాగో సర్ది పంపేద్దామా అన్నాడు. ఆమె కష్టం ఆయన కళ్లారా చూశాడు, అందుకే ఆ మాట అన్నాడు. కమ్లి తల అడ్డంగా ఊపింది.

“ఇంట్ల పడ్డ దొంగను పిలిచి కుర్చీ ఎయ్యమంటవా? పైసలు పంపినంక చెవి ఇస్తడని ఎవరు పూచీ? నేను పంపను.”

ఆ సాయంత్రమే రెండిళ్ల అవతల ఉండే భవానిని పిలిచింది. భవాని గని ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి. వస్తూనే నెట్ వైరు పీకేసింది. ఆ నోటీసును ఫోన్లో ఫొటో తీసి సైబర్ పోలీసుల వెబ్‌సైట్లో కమ్లి పేరుతో ఫిర్యాదు పెట్టించింది. డబ్బు పంపకపోవడం మంచిదైందని చెప్పింది. ఇప్పటికి ఈ తాళం తీసే దారి తనకు తెలియదని కూడా దాచకుండా చెప్పింది. ఆ మాట వినడం కమ్లికి కష్టమే అయింది, అయినా ఆశ పెట్టి తిప్పనందుకు భవాని మీద గౌరవం కలిగింది.

“ఇదంతా మళ్లా కొత్తగ పెడుదాం,” అంది కమ్లి. “గాని నువ్వు చెయ్యకు. నువ్వు పక్కన గూసోని చెప్పు, నేను చేస్త. రేపు నువ్వు డ్యూటీల ఉన్నప్పుడు మళ్లొచ్చిందనుకో, ఎవల్ని పిలవాలె?”

భవాని నవ్వి, ఆదివారం వస్తానంది.

ఆదివారం పొద్దంతా ఇద్దరూ ఆ తెర ముందే ఉన్నారు. భవాని చెప్పింది, కమ్లి చేసింది. డిస్కు, కంప్యూటర్ రెండూ శుభ్రంగా తుడిచేసి, విండోస్ కొత్తగా ఎక్కించారు. అర్థం కానిచోటల్లా కమ్లి ఆపి అడిగింది. తను ఎస్ అన్నంత మాత్రాన అంత నాశనం ఎట్లా జరిగిందన్నది ఆమెను అన్నిటికంటే తొలుస్తున్న ప్రశ్న.

“నువ్వు రోజూ యజమాని పేరుతోనే లోపలికి పోతున్నవు అక్కా,” అంది భవాని. “యజమాని ఎస్ అన్నాక కంప్యూటర్ ఇంకెవల్ని అడుగుతది? అందుకే రెండు పేర్లు పెట్టుకోవాలె. ఒకటి ఉత్త పనిమనిషి పేరు. దాంతోని గీసుకో, కుట్టుకో, నెట్ చూసుకో. కొత్తది ఏదన్న ఎక్కియ్యాలంటేనే యజమాని పాస్‌వర్డ్ కొట్టు.”

కమ్లికి అది చప్పున ఎక్కింది. రెండు ఖాతాలు పెట్టింది. యజమాని పాస్‌వర్డ్‌ను పొడుగ్గా, లంబాడీ మాటలతో అల్లుకుంది. దాన్ని ఎక్కడా రాయలేదు, ధన్‌సింగ్‌కూ దుర్గకూ నోటితోనే నేర్పింది. యాంటీవైరస్ ఇకమీదట ఆగేది లేదు. విండోస్ తనను తాను సరిచేసుకునే అప్‌డేట్లు వచ్చినప్పుడు, పని ఉంది తర్వాత చూద్దాం అని నెట్టేసే అలవాటు కూడా మానుకుంది. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించనంది. ఉచితంగానే, చట్టబద్ధంగానే దొరికేది ఒకటి ఉందని భవాని వెతికి చూపించింది. పాతదానిలో ఉన్న హంగులు ఇందులో లేవు. చేయి తిరగడానికి చాలా రోజులు పట్టింది. మొదట్లో కమ్లి దాన్ని బాగానే తిట్టుకుంది.

కాపీల సంగతి ఆమే తేల్చింది. ఒక డిస్కు బదులు రెండు. పని ముగిశాక ఒకటి తగిలించడం, కాపీ చేయడం, వెంటనే ఊడదీసి బియ్యం డబ్బా పక్కన ఇనప్పెట్టెలో పెట్టడం. ఇంకొకటి ఖమ్మంలో దుర్గ దగ్గర. దుర్గ ఇంటికి వచ్చినప్పుడల్లా రెండూ చేతులు మారతాయి. ఇల్లు మునిగినా కాలినా కుట్లు మాత్రం మిగలాలని ఆమె పట్టుదల.

ఇక కళావతి జాకెట్టు ఉంది. కమ్లి తనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. కంప్యూటర్లో గీసింది పోయిందనీ, ముహూర్తం లోపల మళ్లీ గీయడం కుదరదనీ, ఒప్పుకుంటే అదే అంచు చేత్తో కుట్టించి ఇస్తాననీ అంది. కళావతి నెమ్మదిగా, “చేత్తోని కుడతనంటున్నవు. అంతకంటె ఏం గావాలె, కుట్టమ్మా,” అంది.

కమ్లి గుడ్డ సంచిలో పెట్టుకుని తండాకు బస్సెక్కింది. దారంతా పెద్దమ్మకు ఎట్లా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంది. తీరా వెళ్లి చెప్తే దేవ్లికి వైరస్ ఏమిటో తెలియలేదు గానీ, పోయిందన్న మాట మాత్రం అర్థమైంది. మంచం మీంచి లేచి పెట్టె దగ్గరకు నడిచింది.

“పోయినయ్ అంటవేంది? నా ఫేటియా ఈడనే ఉంది. నేను గూడ ఈడనే ఉన్న. కూసో.”

లంబాడీలో ఆమె అన్న ఆ మాట విన్నాక, వైరస్ వచ్చిన రోజు నుంచీ ఆపుకున్న ఏడుపు కమ్లికి అప్పుడు వచ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, సూది ఎక్కించింది. దేవ్లి కబురు పెడితే ఇంకో ఇద్దరు ముసలమ్మలు వచ్చి చేరారు. పందిరి కింద నలుగురూ కూర్చుని ఆ జాకెట్టు కుట్టారు. కమ్లి చేతులు ఆ పనికి కొత్త. వాళ్లు ఆమె కుట్టు విప్పించి మళ్లీ కుట్టించారు. పెళ్లికి ముందే జాకెట్టు తిరుమలాయపాలెం చేరింది. పెళ్లిలో అది చూసినవాళ్లు ఇల్లందు అడ్రసు అడిగి తీసుకున్నారని కళావతి తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

ఆ పందిరి కిందే కమ్లికి ఇంకొక సంగతి తెలిసింది. అంచు మూల తిరిగేచోట ఆమె ఇంతకాలం గీసిన మలుపు తప్పు. ఫొటో చూసి గీయడంలో దారం పైనుంచి పోతోందో కిందనుంచి పోతోందో తేలక, తోచినట్టు గీసేసింది. తెర మీది బొమ్మ దేవ్లికి కనిపించదు కాబట్టి చెప్పేవాళ్లూ లేకపోయారు. చేత్తో కుట్టినప్పుడే ఆ తేడా వేలికి తగిలింది.

అందుకని రెండోసారి గీయడం వేరే రకంగా సాగింది. ఒక్కో వరస గీయగానే చిన్న గుడ్డముక్క మీద మిషన్‌తో కుట్టేది. ఆ ముక్కలు పట్టుకుని తండాకు వెళ్లేది. దేవ్లి వేలితో తడిమి, ఇది సరే, ఇది కాదు అని తేల్చేది. పక్కనున్న ముసలమ్మలు ఊరుకోలేదు, తమకు తెలిసిన కుట్లూ గీయమని పెట్టెలు తెరిచారు. ఏడాది తిరిగేసరికి పోయినవాటికంటే ఎక్కువే కమ్లి కంప్యూటర్లోకి వచ్చాయి, మూలలు సరిగ్గా తిరిగి మరీ.

కాపలా పని కూడా అదే పట్టుదలతో సాగింది. ఎవరు ఏ పెన్‌డ్రైవ్ తెచ్చినా యాంటీవైరస్‌తో చూసిన తర్వాతే తెరిచేది. ఫైలు పేరు చివరి అక్షరాలు దాక్కోకుండా కనిపించేట్టు పెట్టుకుంది, వచ్చింది బొమ్మో ప్రోగ్రామో అక్కడ తెలిసిపోతుందని. ఒకరోజు ఫొటో స్టూడియో నడిపే తిరుపతి హడావుడిగా వచ్చాడు. పెళ్లివాళ్ల పేర్లు జాకెట్టు మీద కుట్టాలి, నమూనా పెన్‌డ్రైవ్‌లో ఉంది, జల్దీ కావాలన్నాడు. ముందు చూడాలి అనేసరికి చిన్నబుచ్చుకున్నాడు, ఇన్నేళ్ల పరిచయం ఉండి తన మీద నమ్మకం లేదా అని.

“నీ మీద నమ్మకం ఉంది అన్నా. నీ పెన్‌డ్రైవ్ ఎవరెవరింటికి పోయొచ్చిందో నాకు తెల్వదు గదా,” అంది కమ్లి.

చూస్తే నిజంగానే వైరస్ ఉంది. ఫోల్డరు బొమ్మ వేసుకుని కూర్చున్న ప్రోగ్రాము. యాంటీవైరస్ దాన్ని పట్టి పక్కన పడేసింది. తిరుపతి స్టూడియోలో జనం పెళ్లి ఫొటోలన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి. కమ్లి మిషన్ ఆపి, తలుపు దగ్గరేసి అతని వెంట నడిచింది. దారిలో భవానికి ఫోన్ చేసింది. ముందు ఆ కంప్యూటర్ నెట్ తీయించారు. భవాని ఆఫీసు నుంచి వచ్చాక దాన్ని శుభ్రం చేసి, ఫొటోలు ఒక్కటీ పోకుండా కొత్త డిస్కులోకి ఎక్కించారు. డిస్కు ఊడదీసి తిరుపతి చేతిలో పెట్టి, దీన్ని తగిలించే ఉంచితే కాపీ ఉన్నట్టు కాదని కమ్లి మరీ మరీ చెప్పింది. అక్కడ ఆమె గొంతు ఇంకాస్త పెద్దదైంది.

ఆ తర్వాత అనిల్‌కుమార్ కూడా మారాడు. షాపుకు వచ్చినవాళ్లు క్రాక్ కాపీ అడిగితే, ఒకసారి కమ్లక్కతో మాట్లాడి రండి, తర్వాత కూడా కావాలంటే చూద్దాం అంటున్నాడు. మాట్లాడి వెళ్లినవాళ్లలో కొందరు ఆ ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నారు. కొందరు వినరు. వినని వాళ్లతో కమ్లి వాదన పెట్టుకోదు, కనీసం కాపీ అన్నా విడిగా పెట్టుకోండి అని మాత్రం చెప్పి పంపుతుంది.

ఎంత కాపలా ఉన్నా వైరస్ మళ్లీ రాదని ఆమె ఎవరికీ మాటివ్వదు. పోయిన శ్రావణంలో వచ్చింది కూడా. చేతినిండా పని, ఒకపక్క దారాల పార్సిల్ కోసం ఎదురుచూపు. అప్పుడే పార్సిల్ ఆగిపోయింది, వివరాలకు ఇది తెరవండి అని ఒక మెయిల్ వస్తే, ఆ తొందరలో తెరిచేసింది. తెర మీద యజమాని పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె వచ్చింది. కీబోర్డు మీదికి వెళ్లిన చేయి ఆగింది. పార్సిల్ కాగితం చూడటానికి యజమాని ఎందుకు అనుకుని, కాదని నొక్కి నెట్ వైరు పీకేసింది. అప్పటికే ఒకటి రెండు ఫైళ్లకు తోకలు మొలిచాయి.

ఈసారి ఆమె ఎవరికీ ఫోన్ చేయలేదు. కంప్యూటర్ తుడిచేసి, విండోస్ మళ్లీ ఎక్కించి, రెండు ఖాతాలూ పెట్టి, యాంటీవైరస్ నడుస్తోందని చూసుకుని, అప్పుడు ఇనప్పెట్టె తీసి డిస్కు తగిలించింది. దేవ్లి కుట్లు వరసగా తెర మీదికి వచ్చాయి. ఒక్కొక్కటీ తెరిచి చూసుకుని డిస్కు ఊడదీసింది. ధన్‌సింగ్ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆమె పొయ్యి మీద చాయ్ పెట్టి, మిషన్‌కు ఎర్రదారం ఎక్కిస్తోంది. టేబుల్ కింద వేలాడుతున్న నెట్ వైరు చూసి ఏమైందని ఆయన అడిగాడు.

“వైరస్ వచ్చింది. పోయింది,” అంది కమ్లి. “ఆ వైరు గుచ్చి, చాయ్ పొంగుతదేమో చూడు.”